గీత దాటొద్దు, వడ్లు తొక్కొద్దు

ఆ రోజుల్లో నేను ఇద్దరికి భయపడేదాన్ని. ఒకరిని ఎన్నడూ చూడలేదు, ఇంకొకరిని చూడకుండా ఒక్క పొద్దూ గడిచేది కాదు. చూడనివాడు జనగామ పిలగాడు, రోజూ చూసే ఆవిడ కట్టె అవ్వ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లకు అప్పుడు నవ్వు ఎక్కడిది? చుట్టాలు వచ్చి "ఏం చేస్తన్నవ్ బిడ్డా?" అని అడిగి, జవాబు వినకుండానే "పోనీ తీయ్" అనేసి పోయే రోజులవి. అలాంటప్పుడు భూపాలపల్లిలో ఒక విత్తనాల కంపెనీ నన్ను నౌకరి ఇంటర్వ్యూకు పిలిచింది. అడవి అంచు ఊళ్లన్నీ తిరిగి, కంపెనీ విత్తనం వేసిన చేన్లు చూసి రావాలి. తిరగడానికి కారు వాళ్లే ఇస్తారు. మేనేజరు చేన్ల గురించి, చీడల గురించి అన్నీ అడిగి, చివర్లో "కారు నడుపుతారా?" అన్నాడు. "నడుపుతాను సార్" అన్నాను. (స్కూటీ నడిపేదాన్ని. ఇంకో రెండు చక్రాలు ఎక్కువుంటే ఇంకా నిలకడగానే ఉంటుంది కదా అనుకున్నాను.) ఆయన సంతోషపడి, "అయితే చేరే రోజు లైసెన్సు పట్టుకొని రండమ్మా. లేదంటే మీ తర్వాత జనగామ అబ్బాయి ఒకతను ఉన్నాడు, ఆయనకు లైసెన్సు ఉంది" అన్నాడు. అంతే, ఆ ముఖం తెలియని పిలగాడు ఆ రోజు నుంచి నా కలల్లోకి కారేసుకొని వచ్చేవాడు.

కలలోని పిలగాడు చాలదన్నట్టు, ఇంట్లో మా బాపు ఒకడు. ఫోన్‌లో చెప్పిన ముక్క పట్టుకొని, నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికే హోటల్ దగ్గర చాయ తాగుతూ "మా బిడ్డకు కారు నౌకరి వచ్చింది" అని చెప్పేసి వచ్చాడు.

"ఇంక కాలేదు బాపు. లైసెన్స్ వస్తేనే నౌకరి. గప్పుడే ఊరంత ఎందుకు చెప్పినవ్?"

"ఊరంత ఎక్కడ చెప్పిన? హోటల్ కాడ నలుగురే ఉండె."

"ఆ నలుగురు చాలరా?"

"అయితది తీ బిడ్డా. కాక ఏమైతది?"

మా బాపు ఎరువు దొరుకుతుందంటే నమ్మడు, వాన పడుతుందంటే నమ్మడు, నన్ను మాత్రం అడగకుండానే నమ్ముతాడు. లైసెన్సు రాకపోతే నౌకరి జనగామకు పోతుంది, నేను మళ్లీ "పోనీ తీయ్" పిల్లనవుతాను, బాపు హోటల్ మొహం చూడటం మానేస్తాడు. ఆయన చాయ మానేస్తే ఇంట్లో అందరం బతకడం కష్టం.

నేర్పడానికి మా మేనమామ ముందుకొచ్చాడు. మామ పెండ్లిళ్లకు కారు కిరాయికి తిప్పేవాడు. తెల్ల కారు, సీట్ల సందుల్లో ఎండిన బంతిపూల రేకులు, వెనక అద్దం మీద ఏదో పెండ్లికి అంటించిన పేర్ల మరకలు. ఎంత గీకినా అవి పోలేదు. దాంతో నేను నేర్చుకున్నన్ని రోజులూ దారిన పోయేవాళ్లు అద్దంలోంచి తొంగిచూసి, "పెండ్లికొడుకేడి?" అని అడగడం, మామ "గింకా దొరకలే" అని చెప్పడం, నేను పళ్లు కొరకడం. ముందుగా లర్నింగ్ లైసెన్సు పరీక్ష ఉంటుందంటే పుస్తకం తెచ్చుకొని కంఠతా పట్టాను. రోడ్డు నడుమ తెగిన గీత ఉంటే ఎదురుగా ఏమీ రాకపోతే దాటొచ్చు. తెగని గీత ఉంటే దాటొద్దు. రెండు గీతలు పక్కపక్కన ఉండి మన వైపు గీత తెగి ఉంటే మనం దాటొచ్చు, అవతలివాడు దాటొద్దు. మలుపు తిరిగే ముందే మన వరుసలోకి వచ్చేయాలి, ఆఖరి నిమిషంలో అడ్డం పడొద్దు. కంప్యూటర్ ముందు కూర్చొని టకటకా నొక్కేశాను. బయటికి వచ్చి మామకు ఈ సూత్రాలన్నీ అప్పజెప్తే, మామ చెవిలో పుల్ల పెట్టి తిప్పుకుంటూ ఓపికగా విన్నాడు.

"మంచిగున్నయ్ కోడలా. మరి గీతలేడున్నయ్?"

అడగాల్సిన మాటే. మా ఊరి నుంచి నెల్లికుదురు దాకా కొత్తగా తారు పోసి, నడుమ గీత కూడా గీశారు. కానీ అది కోతల కాలం. కోతలప్పుడు మా దిక్కు రోడ్డు బండ్లకు కాదు, వడ్లకు. వడ్లు కొనే సెంటరు వాళ్లు తేమ ఎక్కువుందంటే కాంటా పెట్టి తూచరు. అందుకని ఎవరి ఇంటి ముందున్న సగం రోడ్డు మీద వాళ్లు వడ్లు ఆరబోస్తారు. ఈ ఇంటివాళ్లు ఈ పక్క పోస్తే, ఇంకొంచెం ముందుకు పోయాక ఇంకో ఇంటివాళ్లు ఆ పక్క పోస్తారు. అంచుకు రాళ్లు, రాళ్ల మీద తుమ్మకంప, మూలకు ఒక మంచం, మంచం మీద గొడుగు, గొడుగు కింద ఒక అవ్వ. గీతలు పాపం గీసిన నెలలోనే వడ్ల కింద పడుకున్నాయి. మామ మొదటి పాఠం అక్కడే చెప్పాడు. "చూడు కోడలా. వడ్లు ఎటు లేవో అదే మన దిక్కు. ఎడమకు వడ్లుంటే కుడికి పో, కుడికి వడ్లుంటే ఎడమకు రా. నీ గీతలు వానకాలంల చూసుకుందువు." అట్లా నేను పాము పోయినట్టు కారు నడపడం నేర్చుకున్నాను. ఎదురుగా బస్సు వచ్చిందంటే రెండు బండ్లకూ మిగిలింది సగం రోడ్డే కాబట్టి ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. బస్సు పోదు. నేనే పోవాలి. ముందుకు నడిపిన దానికంటే వెనక్కి నడిపిందే ఎక్కువ కావడంతో, నేను రివర్సులో ఎంత తిన్నగా పోయేదాన్నంటే మామ నోరు తెరిచేవాడు.

ఇక కట్టె అవ్వ. ఊరి చివరి మలుపులో ఆమె వడ్లు ఉండేవి. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, చేతిలో ఎప్పుడూ ఉండే వెదురు కట్టె వల్ల అందరికీ కట్టె అవ్వే. కోళ్లకు, పిట్టలకు, మేకలకు, లారీలకు అన్నిటికీ ఒకే కట్టె. ఒకసారి అవతలి సగంలో లారీ ఆగి ఉంటే, ఎమ్మెల్యే కార్లు వరుసగా వచ్చి ఆమె వడ్ల దగ్గర ఆగాయి. ముందు కారులోంచి ఎవరో దిగి, "అవ్వా, జర రాళ్లు జరుపు, సారు పోవాలె" అన్నాడు. అవ్వ లేవలేదు. "ఓట్లప్పుడు నడుచుకుంటనే వచ్చిండు గద, గిప్పుడు గూడ నడుచుకుంట పొమ్మను" అంది. కార్లన్నీ రోడ్డు దిగి, బురదలోంచి పోయాయి. అలాంటి అవ్వ వడ్ల అంచుకు నా కారు చక్రం జానెడు దూరంలోకి వస్తే చాలు, మంచం మీది నుంచి కట్టె సాచి బానెట్ మీద టక్కున కొట్టేది.

"ఓ పోరీ! కండ్లు నెత్తికెక్కినయా? తినే బువ్వ మీదికెల్లి పోతవా?"

"పోలేదు అవ్వా, పక్కకెల్లే పోతన్న!"

"ఏం పక్కకెల్లి? నీ చక్రం నా వడ్లను చూస్తంది."

చక్రం ఎట్లా చూస్తుందని అడిగే ధైర్యం నాకు లేదు. రోజూ ఆ టక్కు విని విని, చివరికి ఆ మలుపు దగ్గరపడితే కట్టె లేవకముందే నా కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయేది. మా ఇంట్లో వడ్ల గింజ కాలికి తగిలితే వంగి కండ్లకద్దుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. దానికి అవ్వ కట్టె తోడయ్యేసరికి, తలకిందులుగా వేలాడదీసినా నేను వడ్లు తొక్కననే స్థితికి వచ్చాను.

శుక్రవారం పరీక్ష, సోమవారం భూపాలపల్లిలో చేరాలి. తప్పితే మళ్లీ పరీక్షకు వారం ఆగాలి, వారం ఆగితే జనగామ పిలగాడు నా కుర్చీలో ఉంటాడు. మహబూబాబాదును మేం మానుకోటనే అంటాం. ఆ పొద్దున మానుకోటకు మామ పక్కన కూర్చొని బయల్దేరుతుంటే, బాపు కూడా వస్తానన్నాడు. వద్దని దండం పెట్టాను. ఆయన నమ్మకం కూడా కారెక్కితే నాకు గేరు పడేది కాదు. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్ సారు సన్నటి మనిషి, ఇస్త్రీ మడత చెదరని ఖాకీ బట్టలు, అద్దంలా మెరిసే బూట్లు. నవ్వడం ఆయన డ్యూటీలో లేదనిపించింది. ముందు ట్రాకు మీద రివర్సు తియ్యమన్నాడు. మనకు వచ్చిందే అది కదా! పాటలు పాడుకుంటూ తీశాను. సారు తలెత్తి, "ఎక్కడ నేర్చుకున్నవమ్మా?" అన్నాడు. "మా ఊరి రోడ్డు మీద సార్" అన్నాను గర్వంగా. అప్పటికి నా మనసులో జనగామ పిలగాడు సూట్‌కేసు సర్దుకొని వెళ్లిపోతున్నాడు.

తర్వాత అసలు రోడ్డు. సారు నా పక్కన, మామ వెనక. నడుమ కొత్తగా గీసిన పసుపు గీత, ఎంత దూరం చూసినా తెగని గీత. పుస్తకంలో బొమ్మ లేచి వచ్చి నేల మీద పడుకున్నట్టుంది. నా సగంలో వడ్లు లేవు, రాళ్లు లేవు, అవ్వ లేదు. ఇంత ఖాళీ రోడ్డు ఎన్నడూ నడపని దాన్నే అయినా, "ఎడమకు, నీ లేన్‌లో పో" అని సారు అంటే తిన్నగానే పోయాను. "మంచిగ పోతన్నవ్. గీత దాటకు. ఈ రోడ్డు మీద గీత ముట్టినా ఫెయిలే" అన్నాడు. "దాటను సార్" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే మలుపు తిరిగాం. తిరగగానే, నా సగం రోడ్డు నిండా, గీత అంచుకు రాళ్లు పెట్టి, బంగారం రంగులో, వడ్లు!

నా కాలు బ్రేకు మీద పడింది. కారు ఆగింది. ఎడమ పక్క కాలువ. కుడి పక్క తెగని గీత. ముందు తినే బువ్వ. వెనక చూస్తే అప్పటికే ఒక ట్రాక్టరు, దాని వెనక ఒక బస్సు వచ్చి ఆనుకున్నాయి. వెనక్కి పోవడంలో నేను ఆరితేరిన దాన్ని అని చెప్పాను కదా, అదీ లేకుండా పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాకు పక్కన కాలువ కూడా ఉంది.

"ఏందమ్మా, ఎందుకాపినవ్?"

"వడ్లు సార్."

"కనపడ్తంది. పో మరి."

"ఎటు పోవాలె సార్? గీత దాటితే ఫెయిల్ అన్నరు. వడ్లు తొక్కుడు నాతోని కాదు."

"రెండిట్ల ఏదో ఒకటి చెయ్!"

బస్సువాడు హారన్ మీద పడుకున్నాడు. ట్రాక్టరువాడు దిగి వచ్చి "ఏమైంది?" అంటే, మామ వెనక సీట్లోంచి "పరీక్ష నడుస్తంది" అన్నాడు. ఆయన వెళ్లి బస్సువాడికి చెప్పాడు, బస్సులోవాళ్లు దిగి చూడటానికి వచ్చారు. నా కండ్లలో నీళ్లు తిరిగాయి. గీత దాటితే ఫెయిల్, నౌకరి పాయె. దాటకుండా ఇట్లాగే ఉన్నా ఫెయిలే, నౌకరి పాయె. వడ్ల మీదుగా పోతే పాసవుతానేమో. ఎంతసేపు? చక్రం నాలుగు సార్లు తిరిగితే వడ్లు దాటేస్తాం. గేరు వేశాను. క్లచ్ మెల్లగా వదిలాను. కారు వెంట్రుకవాసి కదిలింది. అప్పుడు ఓరకంట చూద్దును కదా, నా పక్కన సారు రెండు కాళ్లూ కారు అడుగు మీద నుంచి పైకి లేపి, మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు! చెప్పులు లేకుండా వడ్ల మీద నడవాల్సి వచ్చిన మనిషిలా ఉన్నాడు. నాకు చెవిలో టక్కుమంది. మళ్లీ బ్రేకు తొక్కాను.

"నాతోని కాదు సార్. ఫెయిల్ చేయుండ్రి" అని స్టీరింగ్ మీద తలపెట్టి భోరున ఏడ్చాను. ఈ గడబిడకు వడ్ల యజమానురాలు చీపురు పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకున్న నడివయసు అక్క. ముందు నన్ను తిడదామనే వచ్చినట్టుంది. ఏడుపు చూసి ఆగి, మామను అడిగి సంగతి తెలుసుకొని, చీపురును సారు వైపు తిప్పింది.

"ఏంది సారూ, పిల్లను ఏడిపిస్తన్నవ్? పొద్దటిసంది నా వడ్ల మీదికెల్లి ఎంతమంది పోయిండ్రో ఎరుకేనా? అందరు లైసెన్స్ ఉన్నోళ్లే! తొక్కనన్న పిల్ల ఒక్కతే వచ్చింది. గా పిల్లకు ఇయ్యకుంటే ఇంకెవలకిస్తవయ్యా లైసెన్సు?"

బస్సు జనం "నిజమే గద" అన్నారు. "రోడ్డు మీద వడ్లు పోసుడే తప్పు అక్కా" అని సారు గొంతు పెంచబోయాడు. "మరి ఏడ పోయాలె? నీ ఆఫీసుల పోయమంటవా?" అంది అక్క. సారు కాసేపు ముందటి అద్దంలోంచి వడ్లను చూశాడు. కాళ్లు ఇంకా పైనే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చి, మెల్లగా కిందకు దించి, గొంతు సవరించుకున్నాడు.

"మాది గూడూరు దిక్కు. మేము గూడ వడ్లు పండిచ్చెటోళ్లమే" అన్నాడు, ఎవరూ అడగకుండానే. తర్వాత నా వైపు తిరిగి, "ఏడుపు ఆపు. పుస్తకం చదివే వచ్చినవ్ గద. రోడ్డు మీద గీత ఒకటి చెప్పి, ఆఫీసరు నిలబడి చెయ్యి ఇంకోటి చెప్తే, దేన్ని ఇనాలె?"

నా ఏడుపు ఠక్కున ఆగింది. లర్నింగ్ పరీక్షలో టకటకా నొక్కిన జవాబే అది! "చెయ్యిని సార్!"

సారు కారు దిగాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు. మలుపు అవతలికి నడిచి, ఎదురుగా వచ్చే లారీని చెయ్యెత్తి ఆపాడు. గీత మీద నిటారుగా నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. అద్దం చూసుకొని, ఇండికేటర్ వేసి, తెగని గీత దాటి, రాళ్లను తాకకుండా వడ్లను చుట్టి, మళ్లీ ఇండికేటర్ వేసి నా సగంలోకి వచ్చి ఆగాను. బస్సు జనం చప్పట్లు కొట్టారు. సారు అదే దర్పంతో వెనక్కి తిరగబోయి, ఒక మెరిసే బూటు వడ్లలో పెట్టాడు. మనిషి తేలు కుట్టినట్టు ఎగిరి గీత మీద పడ్డాడు. అటూ ఇటూ చూశాడు. చూడనివాళ్లు ఎవరూ లేరు. అయినా వంగి, రెండు వేళ్లతో వడ్లు ముట్టి, కండ్లకద్దుకున్నాడు. కారెక్కి పాసైనట్టు సంతకం పెట్టేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

సోమవారం భూపాలపల్లిలో చేరాను. బాపు హోటల్ దగ్గర నలుగురికి కాదు, ఈసారి నలభైమందికి చెప్పాడు, డబ్బులు తనే ఇచ్చి చాయ పోయించాడు. జనగామ పిలగాడు మరుసటి ఏడు మా కంపెనీలోనే చేరాడు. పాపం మెత్తటి మనిషి. అప్పట్లో అతని దగ్గర ఉన్నది బైకు లైసెన్సేనట! మేనేజరు "లైసెన్సు ఉందా?" అన్నాడు, ఇతను "ఉంది" అన్నాడు. అన్ని రాత్రులు నా నిద్ర చెడగొట్టినవాడు నా కారెక్కితే వెనక సీట్లో బెల్టు పెట్టుకొని కూర్చునేవాడు.

నేను చేరిన ఆర్నెల్లకు, ఎండాకాలం యాసంగి కోతలప్పుడు మొదటిసారి కంపెనీ కారులో ఊరికొచ్చాను. ఊరి చివరి మలుపులో అవే రాళ్లు, అదే తుమ్మకంప, అదే గొడుగు. రోడ్డుకు అవతలి సగంలో ఎవరిదో ట్రాలీ చెడిపోయి అడ్డం ఉంది. నేను అలవాటుగా రివర్సు గేరు వేయబోయాను. కట్టె అవ్వ మంచం దిగి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"ఎవలే? మన పోరివేనా?"

"నేనే అవ్వా. ట్రాలీ ఉన్నది, వెనుకకు పోయి చెరువుకట్ట మీదికెల్లి వస్త."

"నౌకరి దొరికిందట గద, నిజమేనా?"

"నిజమే అవ్వా."

అవ్వ కారును చూసింది, నన్ను చూసింది. కట్టె చంకలో పెట్టుకుంది. వంగి, కంప పక్కకు ఈడ్చి, రాళ్లు ఒకటొకటిగా తీసి పక్కన పెట్టింది. తర్వాత కూర్చొని, రెండు చేతులతో వడ్లను అటు కొంత, ఇటు కొంత తోసి నడుమ బాట చేసింది. ఎమ్మెల్యేకు జరగని రాళ్లు అవి. "రా బిడ్డా, దా. పనికి పోయే పిల్లవు, నీకు తొవ్వ ఉండాలె" అంది.

నా కండ్లు మసకలయ్యాయి. ఆ మసకలో క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. కారు కుదుపు తిని అక్కడే ఆగిపోయింది.

"ఏందే, గింకా నేర్వనే లేదా?" అని అవ్వ చంకలోంచి కట్టె తీసి బానెట్ మీద టక్కున కొట్టింది.

ఇప్పుడు ఆరు వరుసల రోడ్ల మీద కూడా నడుపుతున్నాను. ఎంత తొందరున్నా గీత దాటను. "మేడం ఎంత రూల్ ప్రకారం పోతారో!" అని పక్కన కూర్చున్నవాళ్లు మెచ్చుకుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. చక్రం గీత వైపు కొంచెం చూసినా నాకు ఆ టక్కు వినపడుతుంది. విందామని అప్పుడప్పుడు కావాలనే కొంచెం చూడనిస్తాను కూడా.